జతగా విను తల్లీ

రాజమహేంద్రవరం

చిరంజీవి బుజ్జికి,

నీ రాతప్రతి అందింది. మీ పెద్దమ్మ నాకంటే ముందే చదివి, "పిల్లకి చెయ్యి తిరిగింది" అంది. నిజమే, వాక్యం ఎక్కడా తట్టుకోకుండా సాగింది. పత్రికవాళ్ళు నెలకో పేజీ ఇస్తామన్నారంటే ఊరికే అని ఉండరు. ఆ పేజీ నీకు పదేళ్ళు నిలవాలని నా ఆశ. అందుకే మనసులో ఉన్నదంతా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఆరు ఆల్బమ్‌ల మీద రాశావు. బియాన్సే 'కౌబాయ్ కార్టర్', బిల్లీ ఐలిష్ 'హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్', శక్తి బృందం 'దిస్ మొమెంట్', నుస్రత్ ఫతే అలీఖాన్ 'చెయిన్ ఆఫ్ లైట్', నైజర్ దేశపు గిటారిస్టు ఎమ్దూ మొక్తార్ 'ఫ్యూనరల్ ఫర్ జస్టిస్', చివర్న పాతకాలం నుంచి మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. ఒక్కోదానికీ నాలుగేసి వాక్యాలు, పక్కన చుక్కలు. నీ ఉత్తరం వచ్చాక ఆరూ వరసగా విన్నాను. విన్నాక నీ రాతకి ఒక పరీక్ష పెట్టాను. ఆల్బమ్ పేరు మీద వేలు అడ్డం పెట్టి కింది వాక్యాలు చదివాను. "మూడ్ బాగా పట్టుకుంది", "ప్రొడక్షన్ టాప్ క్లాస్", "ఒకట్రెండు తప్పిస్తే మిగతావి ఓకే". వేలు తీస్తే గాని అది ఏ ఆల్బమో తెలియలేదు. ఆ మాటలు బియాన్సే కింద పెట్టినా సరిపోతాయి, నుస్రత్ కింద పెట్టినా సరిపోతాయి. సంగీతం మీద రాసిన మాట ఆ సంగీతానికే అతుక్కోవాలి. తీసి ఇంకోదానికి పెడితే ఊడిపోవాలి.

దానికి నాకు తెలిసిన దారి ఒక్కటే. ఏ ఆల్బమ్‌నీ ఒంటరిగా వినకు, దానికి జత వెతుకు. అదే మనిషి అంతకుముందు చేసిందో, అదే పాట ఇంకొకరు పాడిందో, అదే గదిలో అదే ఏడు పుట్టిన వేరే రికార్డో. ఒక్కటే వింటే చెవి "బాగుంది" దగ్గర ఆగిపోతుంది. రెండూ పక్కపక్కన పెడితే తేడా ఎక్కడుందా అని వెతకడం మొదలుపెడుతుంది. ఆ తేడా ఫలానా చోట ఉంది అని వేలు పెట్టి చూపించగలిగినప్పుడే అది నీ అభిప్రాయం. అంతదాకా అది ఆ పూట నీకున్న మనసు మాత్రమే.

నీ జాబితాలో లేనిదానితో మొదలుపెడతాను, ఎందుకంటే జతగా వినడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. బాహ్ రచన 'గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్', 1741లో అచ్చయింది. మొదట ఒక ఆరియా, తరవాత ముప్ఫై వేరియేషన్లు, చివర మళ్ళీ అదే ఆరియా. కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ దీన్ని 1955లో, ఇరవై రెండేళ్ళ వయసులో, న్యూయార్కులో కొలంబియా కంపెనీవాళ్ళ 30వ వీధి స్టూడియోలో రికార్డు చేశాడు. ఆయన పేరు లోకానికి తెలిసింది దాంతోనే. 1981లో అదే స్టూడియోకి తిరిగొచ్చి అదే రచనని మళ్ళీ మొదటినుంచి వాయించాడు. ఆ రెండో రికార్డు బయటికొచ్చిన కొద్ది రోజులకే, 1982 అక్టోబరు 4న, యాభై ఏళ్ళకే పోయాడు.

మొదటిది 38 నిమిషాల పైచిలుకు, రెండోది 51 నిమిషాలు. ఈ రెండు అంకెలు చూసి "కుర్రతనంలో పరుగు, పెద్దయ్యాక నిదానం" అని రాసేస్తారు. నువ్వలా రాయకు. రెండోసారి ఆయన కొన్ని వేరియేషన్లలో మొదటి సగాన్ని రెండుసార్లు వాయించాడు. 1955లో ఆవృత్తులేవీ లేవు. కాబట్టి పెరిగిన నిమిషాలన్నీ వేగం తగ్గినందువల్ల వచ్చినవి కావు. ఇంకో సంగతి: మొత్తం రచనలోకెల్లా బరువైన 25వ వేరియేషన్‌ని 1981లో కంటే 1955లోనే ఎక్కువ సేపు, అంటే ఎక్కువ సాగదీసి వాయించాడు. ఆ పాత వాయింపు మరీ షోపాన్ బాణీలో పడిందని తరవాతి రోజుల్లో ఆయనకే నచ్చలేదు. నిదానం నిజంగా వినిపించేది ఆరియాలో. అప్పుడు రెండు నిమిషాల లోపే అయిపోయిన ఆరియా, ఇప్పుడు మూడు నిమిషాలు దాటింది.

ఆ ఆరియా తొలి ఎనిమిది బార్లు మాత్రం రెండు రికార్డుల్లోంచీ తీసి ఒకదాని వెంట ఒకటి విను. 1955లో కుడిచెయ్యి పాడుతుంది, ఎడమచెయ్యి దానికి పక్కవాద్యం. 1981లో ఒక్కో స్వరం విడివిడిగా పడుతుంది, మధ్యలో నిశ్శబ్దానికి కూడా చోటుంటుంది, ఎడమచేతి స్వరాలు కుడిచేతితో సమానంగా వినపడతాయి. అది ఎందుకు ముఖ్యమంటే, ఈ ముప్ఫై వేరియేషన్లూ పైన వినపడే పాట మీద కట్టినవి కావు. కింద నడిచే ఆ మంద్రస్వరాల వరస మీద కట్టినవి. అంటే రెండో రికార్డులో గూల్డ్ పునాదిని పైకి కనపడేలా పెట్టాడు. వెనకాల సన్నగా ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వినిపిస్తుంది, అది ఆయన గొంతే, వాయిస్తూ పాడుకునే అలవాటు. నాకు 1981దే ఎక్కువ ఇష్టం. మీ పెద్దమ్మకి 1955ది. ఇద్దరం కారణాలు చెప్పగలం కాబట్టే ఈ వాదన మా ఇంట్లో ఇన్నేళ్ళుగా రుచి తగ్గకుండా నడుస్తోంది.

ఇది విన్నాక మన ఇళయరాజా 1986 ఆల్బమ్ 'హౌ టు నేమ్ ఇట్?' తీసుకో. దాన్ని ఆయన త్యాగయ్యకీ బాహ్‌కీ అంకితమిచ్చారు. అందులో 'ఐ మెట్ బాహ్ ఇన్ మై హౌస్' అనే చోట బాహ్ వయొలిన్ పార్టీటా ప్రెల్యూడ్ ఒకటి నడుస్తూ ఉండగానే మన పద్ధతి వచ్చి దాని పక్కన చేరుతుంది. వి.ఎస్. నరసింహన్ వయొలిన్. సినిమా పాటల ఇంటర్‌లూడ్లలో మనం అరనిమిషం విని వదిలేసిన పనితనం ఇక్కడ ఆల్బమ్ పొడుగునా ఉంది. నీ పాఠకుల్లో సగం మందికి ఇళయరాజా అంటే ప్రాణం, కాని వాళ్ళలో ఎందరు ఇది మొదటినుంచి చివరిదాకా విన్నారో? దీని మీద ఒక నెల పేజీ అంతా రాయొచ్చు.

ఇక నీ జాబితాకి వస్తాను. 'కైండ్ ఆఫ్ బ్లూ' గురించి, "వెనకాల పెట్టుకుని పని చేసుకోవడానికి హాయిగా ఉంటుంది" అని రాశావు. నాలుగు చుక్కలు కూడా ఇచ్చావు. ఈ ఒక్క వాక్యం చదివి నాకు మనసుకి కష్టమైంది. ఆ రికార్డు తయారైంది గూల్డ్ బాహ్‌ని వాయించిన ఆ 30వ వీధి స్టూడియోలోనే. ఒకప్పుడు చర్చిగా ఉన్న కట్టడం, ఎత్తయిన కప్పు. 1959లో మార్చి 2న, ఏప్రిల్ 22న రెండు విడతల్లో అయిదు రచనలు రికార్డు చేశారు. ఆగస్టులో బయటికొచ్చింది. మైల్స్ డేవిస్ ట్రంపెట్, జాన్ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ శాక్సోఫోన్లు, బిల్ ఎవాన్స్ పియానో (ఒక్క 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్'లో మాత్రం వింటన్ కెల్లీ), పాల్ చేంబర్స్ బేస్, జిమ్మీ కాబ్ డ్రమ్స్.

మొదటి రచన 'సో వాట్'. నువ్వు చిన్నప్పుడు నాలుగేళ్ళు సంగీతం నేర్చుకున్నావు, అది ఇక్కడ పనికొస్తుంది. అందులో వాడిన మేళం స్వరస్థానాలు మన ఖరహరప్రియవే. పదహారు బార్లు ఒక షడ్జం మీద, తరవాత ఎనిమిది బార్లు అర మెట్టు పైన, మళ్ళీ ఎనిమిది బార్లు కిందికి. అంతే, ఇదే చుట్టు తిరుగుతూ ఉంటుంది. అలాగని "ఇది ఖరహరప్రియ రాగం" అని రాసేయకు. గమకం లేదు, సంచారం లేదు, రాగం అనడానికి కావలసినవి చాలా లేవు. కాని ఆ మెట్టు మారే చోటు నీ చెవికి ఇట్టే తెలుస్తుంది. తెలిశాక ఒక్కొక్కరు ఆ గడపని ఎలా దాటారో గమనించు. మైల్స్ తక్కువ స్వరాలతో, ఖాళీలు వదులుతూ దాటతాడు. ఆయన వెంటనే కోల్ట్రేన్ వస్తాడు, ఖాళీ అన్నది లేకుండా నింపేస్తాడు. అదే పాట, అదే లయ, ఇద్దరు మనుషులు. జత ఆల్బమ్ లోపలే ఉంది, చూశావా.

బయట ఇంకో జత కూడా ఉంది. రెండో విడత రికార్డింగు అయిన రెండు వారాలకి, మే మొదటి వారంలో, కోల్ట్రేన్ తన సొంత ఆల్బమ్ 'జెయింట్ స్టెప్స్' ముఖ్యమైన రచనలు రికార్డు చేశాడు. బేస్ వాయించింది అక్కడా పాల్ చేంబర్సే. ఒకచోట పదహారు బార్లు కదలని నేల, రెండోచోట కాలు పెట్టేలోపు మారిపోయే నేల. జాజ్ ఆ ఏడాది ఎటు వెళ్ళాలా అని రెండు దారులూ ఒకేసారి చూసింది. ఈ రెండూ పక్కపక్కన విన్న మనిషి "హాయిగా ఉంటుంది" అని రాసి ఊరుకోలేడు.

శ్రుతి పట్టింపు ఉన్నదానివి కాబట్టి ఇంకొకటి చెప్తాను. మార్చి 2న టేపు మెషీను కొంచెం నెమ్మదిగా తిరిగింది. దాంతో ఆ రోజు రికార్డు చేసిన మూడు రచనలు, అంటే ఎల్పీ మొదటి వైపంతా, మామూలు వేగంతో మోగించినప్పుడు శ్రుతి కాస్త పైకి పలికేది. 1992లో సరైన వేగంతో ఉన్న ఇంకో టేపు నుంచి తీసి దిద్దారు. అంటే ముప్ఫై ఏళ్ళకి పైగా ఎల్పీ పెట్టుకుని దానితోపాటు వాయిద్యం సాధన చేసినవాళ్ళకి శ్రుతి కలిసి ఉండదు. నువ్వు విన్నది ఏ ప్రతి అన్నది కూడా విమర్శకురాలికి తెలిసి ఉండాలి.

'చెయిన్ ఆఫ్ లైట్' గురించి "గొంతు అద్భుతం, పాటలు మరీ పొడుగు" అన్నావు. ముందు ఆ రికార్డు కథ పాఠకుడికి చెప్పు. ఇంగ్లండులో విల్ట్‌షైర్ జిల్లా బాక్స్ అనే పల్లెలో పీటర్ గాబ్రియేల్ పెట్టిన రియల్ వరల్డ్ స్టూడియో ఉంది. 1990లో నుస్రత్ తన ఖవ్వాలీ బృందంతో అక్కడ పాడిన టేపు ఒకటి మూలపడి, 2021లో బయటపడింది. 2024 సెప్టెంబరులో ఆల్బమ్‌గా వచ్చింది. నుస్రత్ 1997లోనే పోయాడు. నలభై నిమిషాల చిల్లరలో నాలుగే ఖవ్వాలీలు, అందులో 'యా గౌస్ యా మీరా' అంతకుముందు లోకం వినలేదు.

దీనికి జత అదే ఏడు, అదే స్టూడియోలో తయారైన 'మస్త్ మస్త్'. అందులో నుస్రత్‌తో పాటు కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్ ఉన్నాడు. గిటారు, బేస్, కీబోర్డులు చేరాయి. పాటలు అయిదారు నిమిషాల్లో ముగుస్తాయి. పాశ్చాత్య శ్రోతల్లో ఎంతోమందికి నుస్రత్ అలా పరిచయమయ్యాడు. మంచి రికార్డే. కాని ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి విన్నాక పొడుగు అంటే ఏమిటో నీకు అర్థమవుతుంది. ఖవ్వాలీలో ముఖ్యమైన పంక్తిని బృందం చప్పట్లతో తిప్పి తిప్పి పాడుతుంది. ఆ తిప్పడం మీదే బండి కొండ ఎక్కుతుంది. ప్రధాన గాయకుడు మధ్యలో వేరే కవి పద్యం తెచ్చి అతికించి, మళ్ళీ ఆ పంక్తికే దింపుతాడు. దింపిన ప్రతిసారీ అదే పంక్తి అర్థం కాస్త జరుగుతుంది. పదో నిమిషంలో నుస్రత్ స్వరాలు అందుకున్నాడంటే వెనక ఆ పది నిమిషాలూ ఉండాలి. మన కచేరీలో స్వరకల్పన కీర్తన పాడకుండా ముందే మొదలుపెడితే ఎలా ఉంటుంది? 'మస్త్ మస్త్'లో గొంతు అదే, ఎక్కడానికి కొండే లేదు. 'చెయిన్ ఆఫ్ లైట్'లో కొండ ఉంది. పొడుగు అక్కడ లోపం కాదు, పని జరిగే చోటు. నా ఉద్దేశంలో ఈ పదేళ్ళలో బయటికొచ్చిన పాత టేపుల్లో ఇంత విలువైనది మరొకటి లేదు.

మైకేల్ బ్రూక్ పేరు గుర్తుపెట్టుకో. అయిదేళ్ళ తరవాత, 1995లో, అదే రియల్ వరల్డ్ కంపెనీకి ఆయన 'డ్రీమ్' అనే ఆల్బమ్ చేశాడు. ఎవరితో? మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్‌తో. జంట తీగల మాండలిన్ మీద గమకం పలకడం కష్టమని, ఒంటి తీగలు అయిదు వేసిన ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించిన మనిషి. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే పిల్లవాడు విని వాయిద్యం మీద పట్టుకునేవాడు. వాయిద్యం కాకుండా గొంతు గురువైంది కాబట్టే ఆ తీగల్లో సాహిత్యం వినపడేదని నా నమ్మకం. 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు.

నీ జాబితాలోని 'దిస్ మొమెంట్'లో మొట్టమొదటి రచన 'శ్రీనీస్ డ్రీమ్'. అది ఈ శ్రీనివాస్‌కి నివాళి. శక్తి బృందం తొంభైల చివర 'రిమెంబర్ శక్తి'గా మళ్ళీ చేరినప్పుడు ఆయన అందులో ఏళ్ళ తరబడి వాయించాడు. తెలుగు పత్రికలో తెలుగు పాఠకులకి రాస్తూ ఈ ఆల్బమ్ గురించి పాలకొల్లు మాట లేకుండా రాశావు. గ్రామీ వచ్చిందని మాత్రం రెండుసార్లు రాశావు. వచ్చింది, 2024 ఫిబ్రవరిలో, ఉత్తమ గ్లోబల్ మ్యూజిక్ ఆల్బమ్‌గా. అదే రాత్రి ఈ బృందంలో తబలా వాయించే జాకిర్ హుస్సేన్ మొత్తం మూడు గ్రామీలు అందుకున్నాడు. ఆ ఏడు డిసెంబరు 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూశాడు. బహుమతి వార్త. దాన్ని వార్తగా ఒకసారి చెప్పి వదిలెయ్యి, చుక్కలకి అది కారణం కాకూడదు.

దీని జత 1976లో వచ్చిన వాళ్ళ తొలి ఆల్బమ్. 1975 జులై 5న న్యూయార్కు రాష్ట్రంలోని ఒక కాలేజీలో జరిగిన కచేరీ రికార్డు అది. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం, ఆర్. రాఘవన్ మృదంగం. మొదటి రచన 'జాయ్' పద్దెనిమిది నిమిషాలు. గిటారు, వయొలిన్ ఒకదాన్నొకటి తరుముకుంటూ వెళ్తుంటే, ఎక్కడ తెగిపోతుందో అని భయం వేస్తుంది. 2023 ఆల్బమ్‌లో ఆ భయం లేదు. వినాయకరామ్ కొడుకు సెల్వగణేశ్, వయొలిన్ గణేశ్ రాజగోపాలన్, జాకిర్, మెక్‌లాఫ్లిన్, అందరూ ఆరితేరినవాళ్ళు. అంచులన్నీ నున్నగా చెక్కి ఉన్నాయి. కొత్తగా దొరికింది శంకర్ మహదేవన్ గొంతు. 'గిరిరాజ్ సుధ'లో త్యాగయ్య గారి బంగాళ రాగ కీర్తన ఆ గొంతులో వింటే పాత శక్తిలో లేనిదేదో వచ్చిందని ఒప్పుకోవాలి. మంచి ఆల్బమ్, కాని అయిదు చుక్కల ఆల్బమ్ కాదు. ఆ అయిదూ 1975 కచేరీవి.

ఎమ్దూ మొక్తార్‌ని బాగా పట్టుకున్నావు, సంతోషం. సైకిలు బ్రేకు తీగలు బిగించి తనే గిటారు చేసుకున్న మనిషని రాశావు, బాగుంది. అయితే 2025లో ఆయన అవే పాటల్ని ఎలక్ట్రిక్ గిటారు పక్కనపెట్టి 'టియర్స్ ఆఫ్ ఇన్‌జస్టిస్' పేరుతో మళ్ళీ చేశాడు. అది విన్నావా? 2023 జులైలో నైజర్‌లో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు ఈ బృందం అమెరికా పర్యటనలో ఉంది, ఇంటికి వెళ్ళే దారి మూసుకుపోయింది. తరవాత అక్కడే ఈ రెండోది రికార్డు చేశారు. మొదటిదానిలో అవే మాటలు నిలదీస్తాయి, రెండోదానిలో ఏడుస్తాయి. ఆయన పాడే తమషెక్ భాష నాకూ రాదు, నీకూ రాదు. అయినా ఆ తేడా తెలిసిపోతుంది, అది వాయిద్యం చేసిన పని. ఈ రెంటి మీద ఒకే వ్యాసంగా రాయి.

బిల్లీ ఐలిష్ గురించి నీకు నేను చెప్పేదేం లేదు, నాకంటే నువ్వే బాగా విన్నావు. ఒక్క మాట మాత్రం చేర్చు. ముందుగా ఒక్క పాట కూడా విడిగా వదలకుండా పదీ ఒకేసారి, 2024 మే 17న, వదిలారు. మొత్తంగా వినమని అడిగినట్టే కదా.

'కౌబాయ్ కార్టర్'కి ఒక్క చుక్క ఇచ్చి, "కంట్రీ మ్యూజిక్ నాకు పడదు" అని కారణం రాశావు. అది నీ గురించిన సమాచారం, ఆల్బమ్ గురించినది కాదు. అమెరికాలో కంట్రీ సంగీతం తెల్లవాళ్ళ సొత్తు అనే మాట పాతుకుపోయి ఉంది. కాని అందులో ముఖ్యమైన బాంజో, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు తమ వాయిద్యాల జ్ఞాపకంతో చేసుకున్నది. 'టెక్సస్ హోల్డెమ్'లో ఆ బాంజో వాయించిన రియానన్ గిడెన్స్, ఈ చరిత్రని వెలికితీయడానికి ఏళ్ళుగా పనిచేస్తున్న నల్లజాతి కళాకారిణి. అంటే పాట మొదలవుతూనే వాదన మొదలైంది. ఆల్బమ్‌లో మాట్లాడే లిండా మార్టెల్ ఎవరో వెతికావా? కంట్రీ సంగీతానికి పేరున్న గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద ఒంటరిగా పాడిన తొలి నల్లజాతి మహిళ. ఆమె 1970 ఆల్బమ్ 'కలర్ మి కంట్రీ' దీనికి జత. అరగంటలో అయిపోతుంది. చక్కటి గొంతు, నిఖార్సైన కంట్రీ. ఆ తరవాత ఆమెకి ఇంకో ఆల్బమ్ దక్కలేదు. అది విని బియాన్సే దగ్గరికి రా, నీ చుక్క దానంతటదే మారుతుంది. నా అభిప్రాయం అడిగితే, 27 ట్రాకులు మరీ ఎక్కువ, రెండో సగంలో బిగువు సడలింది, ఒక ఎనిమిది తీసేస్తే ఇంకా గట్టిగా తగిలేది. 2025 ఫిబ్రవరిలో గ్రామీ ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ వచ్చినా ఈ మాట నేను మార్చను.

ఆరింటిలో తెలుగు ఆల్బమ్ ఒక్కటీ లేదేమని అడగను, నీ పేజీ నీ ఇష్టం. కాని మనదగ్గరున్న ఒక జత చెప్పకుండా ఉండలేను. అన్నమయ్య 'నానాటి బతుకు'కి రేవతి రాగంలో వరస కట్టింది నేదునూరి కృష్ణమూర్తి గారు. దాన్ని ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడారు, నేదునూరి గారు కూడా పాడారు. వరస కట్టిన మనిషి ఒకరు, ఆ వరసని లోకానికి అందించిన గొంతు ఒకరు. పల్లవి ఎత్తుకోవడం, ఊపిరి తీసుకునే చోటు, మాటని విరిచే చోటు, ఈ మూడూ రెంటిలోనూ గుర్తించి కాగితం మీద రాసుకో. ఎం.ఎస్. గారిది తెలుగు ఇల్లు కాదు, అయినా ఆ పలుకులో ఒక్క అక్షరం నలగదు. నేదునూరి గారి దగ్గర నునుపు తక్కువ, వైరాగ్యం ఎక్కువ. ఇది మన భాష, మన రాగం. ఇక్కడ తేడా చెప్పగలిగితే ఇంగ్లీషు ఆల్బమ్‌ల దగ్గర నీకు భయం ఉండదు.

వినే పద్ధతి గురించి కొంచెం. ఫోన్ స్పీకరు మీద విని తీర్పు రాయకు, బేస్ అంతా పోతుంది, పాల్ చేంబర్స్ మనిషే కనపడడు. షఫుల్ తీసెయ్. యాప్ సెట్టింగుల్లో క్రాస్‌ఫేడ్ ఉంటే అదీ తీసెయ్. 1981లో గూల్డ్ ఒక వేరియేషన్ లయకీ తరవాతి దాని లయకీ లెక్క కుదిర్చి వాయించాడు, ఆ మధ్య ఖాళీని యాప్ మింగేస్తే ఆ లెక్క పోయినట్టే. ఎవరు ఏం వాయించారో యాప్‌లో సరిగ్గా ఉండదు, ఎల్పీ అట్ట వెనక ఉంటుంది, దాని ఫొటో సంపాదించి చదువు. నువ్వు రాయడం పూర్తయ్యేదాకా ఆ ఆల్బమ్ మీద ఇంకొకరు రాసింది చదవకు. రాశాక చదువు, తప్పకుండా చదువు. నచ్చనిదాన్ని నచ్చలేదనే రాయి, పెద్ద పేరని జంకకు. కాని ఏ చోట నచ్చలేదో చూపించు.

చుక్కలు వద్దని మీ ఎడిటరు గారిని అడుగు. ఒప్పుకోకపోతే పెట్టు, దానికోసం పేజీ వదులుకోవక్కర్లేదు. ఆరు ఆల్బమ్‌లు మాత్రం వద్దు. ఈ నెలకి రెండు జతలు చాలు: నుస్రత్ 1990 రికార్డులు రెండూ, మొక్తార్ రెండూ. పదిహేనో తారీఖులోపు రాసి పంపించు. అచ్చుకి వెళ్ళేముందు పెద్దమ్మా నేనూ పేర్ల మీద వేలు పెట్టి చదువుతాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న